ఉభయకుశలోపరి

"ఉభయకుశలోపరి" అన్న మాటను తరగతిలో వివరించవలసి వచ్చినప్పుడల్లా నాకు కొంచెం తడబాటు కలుగుతుంది. ఇరుపక్కలా క్షేమమే, ఆపైన విశేషమేమనగా అని దాని అర్థం. కాని ఆ మాట చాటున ఎంత కష్టం దాగి ఉండగలదో నేను పుస్తకాల వల్ల తెలుసుకోలేదు. చాదర్‌ఘాట్‌లోని మా ఇంటి అటకమీది ట్రంకుపెట్టె వల్ల తెలుసుకున్నాను.

ఆ పెట్టె మా అమ్మమ్మది. అందులో ఆమె పెద్దక్క రంగూను నుంచి కాకినాడలోని పుట్టింటికి పంపిన ఉత్తరాలున్నాయి. మన కోస్తా పల్లెల్లో రంగూనును "రంగం" అనేవారు. అక్కడి రేవులో బరువులు మోయడానికీ, బియ్యం మిల్లుల్లో పనికీ వేలాదిమంది మనవాళ్ళు స్టీమరెక్కి పోయేవారు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూనులో ఉన్న నాలుగు లక్షల జనంలో సగానికి మించి భారతీయులే. తెలుగువారిలో మగవాళ్ళతో పోలిస్తే ఆడవాళ్ళు బహు తక్కువ. మా పెద్దమ్మమ్మ 1929లో, పదిహేడో ఏట, మిల్లు గుమాస్తా అయిన భర్త వెంట వెళ్ళింది.

ఆమెకు అప్పటికి చదువు రాదు. తొలి ఏడేళ్ళ కార్డులూ భర్తగారి దస్తూరీయే. ముత్యాలవంటి అక్షరాలు. "ఇచ్చట మేమందరము క్షేమము." 1930 జూన్ కార్డులోనూ అదే వాక్యం.

ఆ ముందు నెలలోనే, మే 26న, రంగూను రేవులో ఘోరం జరిగింది. కూలి పెంచమని తెలుగు కూలీలు సమ్మె చేశారు. వారి స్థానంలో బర్మావారిని పెట్టుకున్నారు. సమ్మె తీరగానే బర్మావారిని పొమ్మన్నారు. కడుపు మండినవారికి యజమాని అందలేదు, పక్కనున్న తెలుగువాడు అందాడు. ఆ అల్లర్లలో వందమందికి పైగా చనిపోయారు.

పెద్దమ్మమ్మ స్వహస్తంతో రాసిన మొదటి ఉత్తరం 1936 నాటిది. కొడుకు పలకమీద దిద్దుతుంటే పక్కన కూర్చుని నేర్చుకుందట. ఒత్తులు లేవు, దీర్ఘాలు లేవు. అది తండ్రికి రాసింది కాదు, బడికి పోతున్న పన్నెండేళ్ళ చెల్లెలికి.

"ఆ గొడవల్లో మూడు రాత్రులు దీపం పెట్టుకోలేదే. ఎదురింటి బర్మా ఆవిడ చాటుగా అన్నం తెచ్చి పెట్టింది. కడుపులో ఉన్నది దక్కలేదు. అమ్మకు చదివి వినిపించకు."

ఆరేళ్ళనాటి మాట! బావగారు అబద్ధమాడారనను. ఆ రోజుల్లో ఉత్తరమంటే వీధరుగుమీద పదిమందిలో చదివేది. ఆడదాని కడుపులో మాట అందులో ఎలా పడుతుంది? దానికి సొంత చెయ్యి కావాలి.

అంతకు ముందు తరం వారికి అదీ లేదు. 1860 నుంచి 1911 వరకు మద్రాసు, కలకత్తా రేవుల మీదుగా లక్షన్నర మంది ఒప్పందపు కూలీలు దక్షిణాఫ్రికాలోని నేటాలుకు వెళ్ళారు. వారిలో తెలుగు స్త్రీలూ ఉన్నారు. ఓడ జాబితాల్లో పేరు, తండ్రి పేరు, ఊరు, వంటిమీది పుట్టుమచ్చ సైతం ఎక్కాయి. వారి మనసులో మాట ఎక్కే చోటు అందులో లేదు.

పెద్దమ్మమ్మ చివరి ఉత్తరం 1941 నవంబరుది. "సంక్రాంతికి వస్తాం. అరిసెల పాకం నువ్వు పట్టకు, నేనొచ్చి పడతాను." డిసెంబరు 23న రంగూనుమీద జపాను బాంబులు పడ్డాయి. మార్చిలో ఊరే వారి వశమైంది. లక్షలమంది అడవులూ కొండలూ దాటి కాలినడకన మన దేశం చేరారు. దారిలోనే రాలిపోయినవారు వేలు. మా వాళ్ళు రాలేదు, ఉత్తరమూ రాలేదు.

1956లో తాతగారి ఉద్యోగం కర్నూలు నుంచి హైదరాబాదుకు మారి చాదర్‌ఘాట్‌లో కాపురం పెట్టినప్పుడు, అమ్మమ్మ సామాను విప్పకముందే కాకినాడలో తన పుట్టింట అద్దెకున్నవారికి కార్డు రాసిందట. రంగం నుంచి ఉత్తరమేదైనా వస్తే ఈ చిరునామాకు పంపమని.

మీ అటకమీద కూడా పాత ఉత్తరాలుంటే పారవేయకండి. విప్పినప్పుడు ముందుగా దస్తూరీ ఎవరిదో చూడండి. కోడి కెలికినట్టుంటే మరింత నిదానంగా చదవండి.