మన సంఘమేది?

ఉద్యోగాల కోసం, పిల్లల చదువుల కోసం పల్లెలు విడిచి హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం చేరిన క్రైస్తవ కుటుంబాలు మనలో అనేకం. ఒక ఆదివారం ఇంటికి దగ్గరలోని మందిరానికి, మరో ఆదివారం పేరున్న ప్రసంగీకులు వచ్చిన మందిరానికి వెళ్లివస్తాం. “మీది ఏ సంఘం?” అని ఎవరైనా అడిగితే మాత్రం ఏనాడో విడిచివచ్చిన ఊరి పేరే చెబుతాం. అక్కడ మన పేరుంది, మనం లేము. ఇక్కడ మనమున్నాము, మన పేరు లేదు.

రక్షణ ప్రభువు కృపవలన కలిగేది. ఏ రిజిస్టరూ దానిని ఇవ్వలేదు. అలాగైతే సభ్యత్వం ఎందుకు? అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయం చూద్దాం. పెంతెకొస్తు దినాన బాప్తిస్మం పొందిన సుమారు 3000 మంది ఎవరి దారిన వారు పోలేదు. బోధలోను, సహవాసంలోను, ప్రభుబల్లలోను, ప్రార్థనలోను ఒక్కటిగా కొనసాగారు. రోమా పత్రిక 16వ అధ్యాయంలో కెంక్రేయ సంఘంలో పరిచర్య చేసిన ఫీబేను పౌలు అక్కడి విశ్వాసులకు పరిచయం చేసి, ఆమెను ఆదరించమని కోరుతున్నాడు. నేడు ఒక సంఘం నుండి మరొక సంఘానికి మనం తీసుకువెళ్లే లేఖ అటువంటిదే.

మన తెలుగునాట పెద్దలు ఈ విషయాన్ని తేలికగా తీసుకోలేదు. ఒంగోలు సంఘం 1867 జనవరి 1న 8 మంది సభ్యులతో ఏర్పడింది. 1876-78 నాటి గొప్ప కరువులో మిషనరీ జాన్ క్లౌ గారు బకింగ్‌హాం కాలువ పనిలో కొంత భాగం తీసుకొని వేలాదిమందికి కూలి చూపించారు. ఎందరో బాప్తిస్మం కోరినా, అన్నం కోసం వచ్చారన్న మాట రాకూడదని, సహాయం సాగినంతకాలం ఇవ్వలేదు. అది ముగిశాక కూడా వారు వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మం పొందారు. దోర్నకల్ బిషప్ అజరయ్య గారు బాప్తిస్మం పొందినవారిచేత తలపై చేయి ఉంచుకొని, సువార్త ప్రకటించే బాధ్యత తమదేనని ఒప్పుకొనేలా చేసేవారు. సభ్యుడంటే పొందేవాడే కాదు, భారం మోసేవాడు కూడా.

అయితే మనం సంఘాన్ని ఎప్పుడు తలచుకుంటున్నాం? పెళ్లికి లేఖ కావలసినప్పుడు, సమాధికి స్థలం కావలసినప్పుడు! ఆసుపత్రి మంచం మీద ఉన్నప్పుడు కాపరి రాలేదని నొచ్చుకుంటాం. మనమెవరమో, ఎక్కడ ఉంటున్నామో ఆయనకు ఎలా తెలుస్తుంది? సంఘ పెద్దలకు కూడా ఒక మాట. చందా బాకీలు చూసినంత శ్రద్ధగా, మూడు వారాలుగా ఖాళీగా ఉన్న చోటును చూస్తున్నామా? కొత్తగా వచ్చి వెనుక కూర్చున్న కుటుంబాన్ని పలకరిస్తున్నామా?

చేరడం కష్టమైన పని కాదు. ముందుగా కాపరిని కలిసి మాట్లాడాలి. పాత సంఘం నుండి లేఖ తెప్పించుకోవాలి. బాప్తిస్మం పొందనివారు, సి.ఎస్.ఐ. వంటి సంఘాలలో కన్ఫర్మేషన్ కావలసినవారు తరగతులకు హాజరై విశ్వాస సత్యాలు నేర్చుకోవాలి. కొన్ని సంఘాలలో అందరి ఎదుట కుడిచెయ్యి ఇచ్చి సహవాసంలో చేర్చుకుంటారు. ఆ తరువాతే అసలు పని మొదలవుతుంది: క్రమంగా ఆరాధించడం, కానుక ఇవ్వడం, సండేస్కూలులోనో, స్త్రీల సమాజంలోనో, గాయక బృందంలోనో చేతనైన సేవ చేయడం, తప్పిపోయినప్పుడు మందలింపును ప్రేమతో స్వీకరించడం.

లోపాలు లేని సంఘం దొరికాక చేరదామనుకుంటే ఎన్నటికీ చేరలేము. మన లోపాలతోనే గదా ప్రభువు మనలను చేర్చుకున్నాడు! అవయవం శరీరంలో ఉంటేనే దానికి జీవం, శరీరానికి బలం. ప్రియులారా, ఈ నెలలోనే కుటుంబమంతా కూర్చుని ప్రార్థించి, మన సంఘమేదో నిర్ణయించుకుందాం.