తిమ్మిరి తొడలో, కారణం నడుము దగ్గర!

నిలబడి, చేతిని పక్కకు వదిలి, అరచేతిని తొడ బయటి వైపున ఆనించండి. చర్మానికి తాకిడి తెలుస్తోంది కదా? ఈ కబురును అక్కడి నుంచి మోసుకుపోయే నరం కథ వినండి.

నరాలలో రెండు రకాల తంతువులు ఉంటాయని మీరు చదువుకున్నారు. చర్మం నుంచి కబుర్లు తెచ్చేవి జ్ఞాన తంతువులు. కండరాలకు ఆజ్ఞలు చేర్చేవి చాలక తంతువులు. పెద్ద నరాలలో చాలావరకు ఈ రెండూ కలిసే ఉంటాయి. కాని తొడ బయటి పక్క చర్మానికి వచ్చే నరంలో కండరాలను కదిలించే తంతువు ఒక్కటీ లేదు! దీన్ని పార్శ్వ ఊరు చర్మనాడి అనవచ్చు. ఊరువు అంటే తొడ. తొడ ముందు, వెనుక భాగాల చర్మానికి వేరే నరాలు ఉన్నాయి.

నడుము భాగంలో వెన్నుపాము నుంచి బయలుదేరే 5 జతల నాడులలో 2వ, 3వ నాడుల నుంచి ఇది పుడుతుంది. నడుముకు ముందువైపు, రెండు పక్కలా చేతికి తగిలే ఎముక మొనలు ఉన్నాయి చూడండి. సాధారణంగా ఆ మొన పక్కనే, గజ్జలోని గట్టి బంధనం కింద నుంచి దూరి తొడలోకి దిగుతుంది. అది ఇరుకు దారి. బెల్టు మరీ బిగించినా, పొట్ట బాగా పెరిగినా నరం అక్కడ నొక్కుకుపోవచ్చు. అప్పుడు తొడ బయటి పక్క తిమ్మిరి, మంట పుడతాయి.

నొక్కింది నడుము దగ్గరయితే బాధ తొడలో ఎందుకు? వీధి గుమ్మం గంట తీగలు మధ్యలో ఎక్కడో ఒకదానికొకటి తగిలాయనుకోండి. గంట మోగుతుంది. మనం వెళ్ళి వీధి తలుపే తీస్తాం. అక్కడ ఎవరూ ఉండరు! మెదడూ అలాగే పొరబడుతుంది.

1895లో బెర్లిన్‌లో బెర్న్‌హార్ట్, మాస్కోలో రోత్ అనే వైద్యులు ఈ బాధను వివరించారు. మనోవిశ్లేషణకు ఆద్యుడైన సిగ్మండ్ ఫ్రాయిడ్ అదే ఏడాది తనకే వచ్చిన ఈ బాధ గురించి వ్యాసం రాశాడు.

ఇంట్లో పెద్దవారెవరైనా “తొడ మొద్దుబారింది, పక్షవాతమేమో!” అని దిగులు పడవచ్చు. ఈ నరం ఒక్కటే నొక్కుకుంటే కాలి బలం తగ్గదు. మోకాటి చిప్ప కింద డాక్టరు సుత్తితో తట్టితే కాలు ఎప్పటిలాగే ఎగురుతుంది. ఎందుకో ఇప్పుడు మీరే చెప్పగలరు! అయితే తేల్చవలసింది డాక్టరే. కాలు పట్టు తప్పితే మాత్రం కారణం వేరే; క్షణం ఆలస్యం చేయకూడదు.

మీరు మాత్రం రేపటి నుంచి బెల్టును ఒక రంధ్రం వదులుగా పెట్టుకోండి.