బాలుర చెలిమియు కులావమానమును

పదుమూడేండ్లు మొదలు పందొమ్మిదేండ్ల వఱకు బిడ్డలు తోడివారి మాటకు ఎక్కువ విలువ నిత్తురు. అందుచేత కులమును బట్టియు, తెగను బట్టియు కలుగు నవమానము ఆ వయస్సున లోతుగా నాటుకొనును. దానిపై చెలిమి యెట్లు పనిచేయునో నేడు మనవిచేసెదను.

మా చోడవరము 2022 వఱకు విశాఖపట్టణము జిల్లాలో నుండి, పిమ్మట అనకాపల్లి జిల్లాలో చేరినది. ఇచటినుండి మాడుగుల మీదుగా పోయినచో పాడేరు కొండలు. ఆ మన్యమునుండి బగతలు, కొండదొరలు, వాల్మీకులు మొదలగు తెగల బిడ్డలు చదువులకై మైదానమునకు దిగివత్తురు. వారి మాటతీరు విని నవ్వువారు కలరు. ఇక మైదానపు పల్లెలలో, బడియందు సరసన కూర్చుండి భుజించిన బాలుడే మిత్రుని యింట అరుగుమీద నిలిచిపోవుట నా యుపాధ్యాయవృత్తిలో పలుమాఱులు వింటిని.

ఇట్టియెడ చెలిమి రెండు విధముల తోడ్పడును. స్వజనములోని మిత్రుడు “నాకును ఇట్లే జరిగినది” అనును. లోపము తనది కాదని బాలునకు తెలియును. అన్యకులపు మిత్రుడు అవమానించినవారి యెదుట నోరు విప్పును. లోకమంతయు నట్టిది కాదని తెలియును. మొదటిది ఊఱట, రెండవది ధైర్యము. కాని యా రెండవవాడు తల వంచుకొని యూరకుండెనా, పరాయివాని తిట్టుకంటె ఆ మౌనమే యెక్కువ బాధించును.

గుఱ్ఱము జాషువ 1895లో వినుకొండయందు జన్మించి, కులము కారణముగా బాల్యముననే అవమానముల పాలయ్యెను. అయినను దీపాల పిచ్చయ్యశాస్త్రి ఆయనకు బాల్యమిత్రుడు. ఆ సాంగత్యమున కవిత్వముపై ఆసక్తి పెరిగెను. జూపూడి హనుమచ్ఛాస్త్రిగారు మేఘసందేశమును, రఘువంశమును పాఠము చెప్పిరి. ఆ చెలిమి అవమానమును తుడిచివేయలేదు; 1941 నాటి ‘గబ్బిలము’ చదివినవారి కది తెలియును. కాని యా బాధ పద్యముగా మాఱుటలో ఆ చెలిమికిని పాలు కలదు.

1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము 17వ అధికరణముచే అస్పృశ్యతను రద్దుచేసినది. చట్టము బడిని, బావిని తెఱవగలదు. ఇంటి గడప తెఱచుట మన వంతు. అవమానము నాపు భారమంతయు పసివారి చెలిమిపై మోపుట తగదు. మీ మనుమడు స్నేహితుని వెంటబెట్టుకొని వచ్చినపుడు కులమడుగక పేరడుగుడు. లోపల కూర్చుండబెట్టి, మీరు త్రాగు చెంబుతోనే మంచినీరిండు. మీ మనుమడు దానిని చూచును. రేపు పదిమందిలో మిత్రుని పక్షమున మాటాడవలసి వచ్చినపుడు వానికి జ్ఞప్తికి వచ్చునది అదియే.