పాత మోటారు ఇంజనుకు పునర్జీవము

ఇనుపరాతి కొండలకు పేరుగన్న బయ్యారము వారికి ఇనుము విలువ వేరుగ చెప్పనక్కరలేదు. పాత అంబాసిడరు కారు ఇంజను దిమ్మ పోత ఇనుముతో చేసినది. ఈ కారు తయారీ వంగదేశమునందలి ఉత్తరపారా కర్మాగారమున 2014లో ఆగిపోయినది. కనుక ఇంట నున్న దిమ్మను కాపాడుకొనుటయే మేలు.

పొగ నీలిరంగున వచ్చుచు నూనె తరచు తరిగిపోవుచున్నచో, పిస్టను రింగులో సిలిండర్లో అరిగినవేమో చూడవలెను. ఇంజను విప్పుట ఇంటిలోనే జరుగవచ్చును. అయితే విప్పునపుడే పిస్టనులకు, బేరింగు మూతలకు, పుష్ రాడ్లకు వరుస గుర్తులు వేసికొనవలెను. ఒకదానితో నొకటి ఒరసికొని కుదిరిన భాగములు తారుమారైనచో త్వరలోనే చెడును.

తరువాతిది కొలత. 1489 ఘన సెంటీమీటర్ల ఇంజనులో సిలిండరు వ్యాసము సుమారు 73 మిల్లీమీటర్లు. పిస్టను పైకిపోయి మరలుచోట అరుగుదల హెచ్చు. కావున పైన, నడుమ, క్రింద, ఒక్కొక్కచోట రెండు దిక్కులుగా బోరు గేజితో కొలువవలెను. అరుగుదల హద్దు దాటినపుడే కార్ఖానాలో బోరు చేయించవలెను. బోరు చేసిన ప్రతిసారియు గోడ పలుచనగును. తీసిన ఇనుము తిరిగి రాదు.

కూర్చునపుడు నూనె దారులను శుభ్రపరచి, బేరింగులకు నూనె పూసి, హెడ్డు నట్లను నడుమనుండి అంచులవైపునకు కొద్దికొద్దిగా బిగింపవలెను. పానాకన్న ముందు కొలతను నమ్మినవాని ఇంట పాత ఇంజను మరల చాలకాలము నడచును.