ముట్టడిలో అందాల పోటీ: సారాజెవో యువతులు ఎవరిని వేడుకున్నారు?

బోస్నియా రాజధాని సారాజెవో 1992 ఏప్రిల్‌లో ముట్టడికి గురైంది. చుట్టూ ఉన్న కొండలపై నుంచి బోస్నియా సెర్బు బలగాలు కురిపించే గుండ్ల నడుమ ప్రజలు నీటికి, రొట్టెకు బారులు తీరేవారు.

ఆ స్థితిలోనే 1993 మే 29న ఒక నేలమాళిగలో అందాల పోటీ జరిగింది. 17 ఏళ్ల ఇనెలా నోగిచ్ విజేతగా నిలిచారు. వేదికపై పోటీదారులు 'మమ్మల్ని చంపనివ్వకండి' అని ఆంగ్లంలో రాసిన బ్యానర్‌ను ప్రదర్శించారు.

'చంపకండి' అని ఉంటే అది కాల్చేవారికి విన్నపమయ్యేది. 'చంపనివ్వకండి' అన్నది చూస్తూ ఊరుకున్నవారిని ఉద్దేశించిన మాట. బిల్ కార్టర్ డాక్యుమెంటరీ, 1995లో బోనో, పవరోట్టి ఆలపించిన 'మిస్ సారాజెవో' గీతం ఆ విన్నపాన్ని దేశదేశాలకు చేర్చాయి. ముట్టడి మాత్రం 1996 ఫిబ్రవరి వరకు కొనసాగింది.