కుండీలో మహావృక్షం

చిక్కడపల్లి నుంచి నారాయణగూడ వైపు వెళ్ళేటప్పుడు ఒకసారి తలెత్తి పాత మేడల పిట్టగోడలను చూడండి. ఎక్కడో ఒకచోట గోడ పగులులోంచి రావి మొక్కో, మర్రి మొక్కో తొంగి చూస్తూ ఉంటుంది. అక్కడ చారెడు మన్నయినా ఉండదు. నీళ్ళు పోసేవారు లేరు. అయినా ఆ మొక్క బతుకుతుంది. వేళ్ళకు చోటు దొరకనంత కాలం జానెడో, మూరెడో ఉండి కాలం గడుపుతుంది.

మరి మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రి సంగతేమిటి? సుమారు 700 ఏళ్ళ నాటిదని చెప్పే ఆ ఒక్క మర్రిచెట్టు దాదాపు 3 ఎకరాల మేర పరుచుకుంది. ఒకే జాతి మొక్క ఒకచోట మూరెడు, మరొకచోట మూడెకరాలు! ఈ తేడా ఎందుకో తెలిస్తే బోన్సాయ్ రహస్యం తెలిసినట్లే.

బోన్సాయ్ అంటే ఏమిటి?

'బోన్' అంటే పళ్ళెం వంటి కుండీ, 'సాయ్' అంటే నాటడం. ఇవి జపాన్ మాటలు. కళ మాత్రం మొదట చైనాలో పుట్టింది. మనవాళ్ళు దీనికి 'వామనవృక్షం' అని చక్కని పేరు పెట్టారు. వామనుడు చూడటానికి పొట్టివాడే గాని శక్తికి తక్కువవాడు కాదు కదా! బోన్సాయ్ కూడా అంతే. అది పొట్టి జాతి చెట్టు కాదు. దాని విత్తనాన్ని తీసి నేలలో నాటితే మామూలు పెద్ద చెట్టే మొలుస్తుంది.

దేవదారును పెంచవచ్చా?

బోన్సాయ్ బొమ్మల్లో సూదుల్లాంటి ఆకులున్న దేవదారు, పైన్ చెట్లు ఎక్కువగా కనిపిస్తాయి. నర్సరీలో అటువంటి మొక్క దొరికితే తెచ్చుకోవాలని మీకూ అనిపించవచ్చు. కాని దేవదారు హిమాలయాలలో, సుమారు 1,500 మీటర్ల ఎత్తుకు పైన, చలిలో పెరిగే చెట్టు. హైదరాబాదు ఎత్తు సుమారు 540 మీటర్లే. మే నెలలో ఇక్కడ ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. డాబా మీది చిన్న కుండీలో దేవదారుకు ఆ వేడి ప్రాణాంతకం. పైగా దాని కొమ్మను ఆకులు లేనంత మేర నరికితే మళ్ళీ చిగురించడం కష్టం.

మర్రి అలా కాదు. పక్షులు దాని పండ్లు తిని, గింజలను రెట్టతో గోడల మీద, ఇతర చెట్ల కొమ్మల మీద వదులుతాయి. అక్కడి కొద్దిపాటి దుమ్ములోనే అది మొలకెత్తుతుంది. అంటే ఇరుకులో బతకడం దానికి పుట్టుకతోనే వచ్చిన విద్య. మోడుగా నరికినా చిగురిస్తుంది. కనుక మనం మర్రినే ఎంచుకుందాం. గోడ మీది మొక్క కోసం పిట్టగోడ ఎక్కవద్దు. నర్సరీలో బొటనవేలంత లావు కాండం ఉన్న మొక్కను కొనండి.

ఎలా తయారు చెయ్యాలి?

మొదట అశోక్‌నగర్ పక్కనున్న ఇందిరా పార్కుకు వెళ్ళి ఒక పెద్ద చెట్టు ఆకారాన్ని కాగితం మీద గీసుకోండి. కింది కొమ్మలు లావుగా, పై కొమ్మలు సన్నగా ఉండటం గమనించండి. మీ మొక్కలో ఏ కొమ్మ ఉంచాలో, ఏది తీసెయ్యాలో ఆ బొమ్మే చెబుతుంది.

తొలకరి వానలు పడ్డాక పని మొదలుపెట్టండి. ఎర్రమన్ను ఒక వంతు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక వంతు, గరుకు ఇసుక, శనగగింజంత ఇటుక ముక్కలు కలిపి రెండు వంతులు తీసుకోండి. ఇటుక ముక్కలు ఎందుకు? వాటి సందుల్లోంచి నీరు జారిపోతుంది, గాలి ఆడుతుంది. వేళ్ళకు కూడా గాలి కావాలి. నీరు నిలిస్తే అవి కుళ్ళిపోతాయి. కుండీకి అడుగున చిల్లు తప్పనిసరి.

మొక్కను సంచిలోంచి తీసి, పాత మట్టిని మెల్లగా దులపండి. నిట్టనిలువుగా దిగిన తల్లివేరును, మొత్తం వేళ్ళలో మూడో వంతును కత్తిరించాలి. కత్తెర పని పెద్దల ఎదుట చెయ్యండి. కారే పాలు కళ్ళకు తగలనివ్వకండి. వేళ్ళతోపాటు కొన్ని కొమ్మలనూ తగ్గించాలి. నీటిని పీల్చేవి వేళ్ళు, ఆవిరిగా వదిలేవి ఆకులు. రాబడి తగ్గినప్పుడు ఖర్చూ తగ్గాలి కదా! తరువాత కుండీలో నాటి, నీళ్ళు పోసి, రెండు మూడు వారాలు నీడలో ఉంచండి. మొదటి ఏడాది వెడల్పయిన మామూలు కుండీయే మంచిది. పళ్ళెం లాంటి కుండీలోకి మరుసటి ఏడాది మార్చవచ్చు.

కొన తుంచితే ఏమవుతుంది?

కొమ్మ కొనలో 'ఆక్సిన్' అనే పదార్థం తయారై కిందికి దిగుతూ, పక్క మొగ్గలు విచ్చుకోకుండా అడ్డుకుంటుంది. అందుకే చెట్టు పైకి పెరుగుతుంది. కొన తుంచితే ఆ అడ్డు తొలగి, పక్క మొగ్గలు మేలుకొని చిగురిస్తాయి. కొత్త కొమ్మకు ఆరు, ఏడు ఆకులు రాగానే రెండు, మూడు ఆకులుంచి మిగతాది తుంచండి. మొక్క పొట్టిగా, గుబురుగా తయారవుతుంది.

కొమ్మను వంచాలంటే దాని చుట్టూ రాగి తీగనో, అల్యూమినియం తీగనో ఏటవాలుగా చుట్టి మెల్లగా వంచాలి. కొమ్మలో ఏర్పడే కొత్త చెక్క పొరలు ఆ వంపులోనే గట్టిపడతాయి. కాని తీగను మరచిపోకూడదు! కొమ్మ లావెక్కి తీగ బెరడులోకి దిగితే, ఆకులు తయారుచేసిన ఆహారం వేళ్ళకు చేరే దారి మూసుకుపోతుంది. వారానికొకసారి చూసి, తీగ బిగిసినట్లు కనిపిస్తే ముక్కలుగా కత్తిరించి తీసెయ్యండి.

పస్తు పెట్టడమా?

బోన్సాయ్‌ని ఆకలితో మాడ్చి పొట్టిగా ఉంచుతారని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. పస్తున్న మొక్క పొట్టిది కాదు, చచ్చిపోతుంది. వేళ్ళకు చోటు తక్కువ కావడం, కొనలను తరచు తుంచడం, ఇవే దాన్ని చిన్నగా ఉంచేవి. ఎండ, ఎరువు, నీరు మాత్రం కొరత లేకుండా అందాలి.

అన్నింటికన్నా ముఖ్యం నీరు. లోతు లేని కుండీలో మట్టి కొద్దిగా ఉంటుంది, త్వరగా ఆరిపోతుంది. రోజూ వేలితో తాకి చూడండి. పైమట్టి ఆరితే పొయ్యండి. వేసవిలో పొద్దున, సాయంత్రం రెండుసార్లు పొయ్యవలసి రావచ్చు. పడమటి ఎండ తగలకుండా చూడాలి. సెలవులకు ఊరెళ్ళేటప్పుడు పొరుగింటి వారికి అప్పగించి వెళ్ళండి. నేలలోని చెట్టు నీటి కోసం వేళ్ళను దూరంగా చాచుకోగలదు. కుండీలోని చెట్టుకు మీరే దిక్కు.

జపాన్‌లో 1625 నుంచి పెంచిన పైన్ బోన్సాయ్ ఒకటుంది. 1945లో హిరోషిమా మీద అణుబాంబు పడినప్పుడు అది ఆ నగరంలోనే ఉండి బతికింది. 1976లో దాన్ని అమెరికాకు కానుకగా ఇచ్చారు. అది ఇప్పుడు వాషింగ్టన్‌లోని జాతీయ వృక్షవనంలో ఉంది. ఎన్ని తరాల చేతులు దానికి నీళ్ళు పోశాయో ఆలోచించండి!

మీరూ ఒక ప్రయోగం చెయ్యండి. ఒకే ఎత్తున్న రెండు మర్రి మొక్కలు తీసుకోండి. ఒకటి బోన్సాయ్ చెయ్యండి. రెండోదాన్ని, పెద్దల అనుమతితో, గోడలకు దూరంగా ఖాళీ స్థలంలో నాటండి. ప్రతి నెలా మొదటి తేదీన ఎత్తును స్కేలుతోను, కాండం చుట్టుకొలతను దారంతోను కొలిచి నోటుపుస్తకంలో రాయండి. కాండం ఏ మొక్కకు త్వరగా లావెక్కింది? ఆకులు దేనికి ఎక్కువ? ఈ రెండింటికీ సంబంధం ఏమిటో మీ అంకెలే మీకు చెబుతాయి.