పెన్నా నీటికి, పండుగప్ప ఎదుగుదలకు లింకేంటి?

కర్నూలు వైపు పుట్టిన కుందూ నది కడప జిల్లాలో పెన్నాలో కలుస్తుంది. సోమశిల జలాశయంలో ఆగగా మిగిలిన నీరే నెల్లూరు జిల్లా ఊటుకూరు దగ్గర సముద్రం చేరుతుంది. అందుకే సీమలో కరువొస్తే అక్కడి మొగలో ఉప్పు పెరుగుతుంది. మరి దాంతో చేపకేంటి?

లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. చాలా చేపల రక్తంలో ఉండేది అందులో దాదాపు మూడో వంతే. దీంతో సముద్రంలో చేప ఒంట్లోని నీరు బయటికి పోతుంటుంది. ఆ లోటు తీర్చుకోవడానికి చేప నీళ్లు తాగుతుంది (అవును, చేపకూ దాహమే!). ఎక్కువైన ఉప్పును మొప్పల ద్వారా బయటికి తోస్తుంది. మంచినీటిలో సీన్ రివర్స్. లోపలికి చొరబడే నీటిని మూత్రంగా వదులుతూనే ఉండాలి. ఈ రెండు పనులకూ తిన్న తిండిలోంచే శక్తి ఖర్చవుతుంది. మొగలో ఉండే మధ్యరకం ఉప్పులో చాలా చేపలకు ఆ ఖర్చు తగ్గి, తిన్నది ఒంటికి పడుతుంది.

తిండి కూడా మారుతుంది. నది తెచ్చే పోషకాలతో నాచు పెరుగుతుంది. పాలబొంత దాన్నే మేస్తుంది. పండుగప్ప మాత్రం రొయ్యలు, చిన్న చేపలను వేటాడుతుంది. నది ఎండితే ఈ మేత తగ్గుతుంది.

అలాగని వరద ముంచెత్తినా చిక్కే. 2021 నవంబరులో చెయ్యేరుపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు ఆ నీరంతా పెన్నాలోకే వచ్చింది. అలాంటప్పుడు ఉప్పు ఒక్కసారిగా పడిపోతుంది. చేపలైతే సముద్రం వైపు తప్పుకోగలవు, అడుగున ఉండే ఆల్చిప్పలు కదల్లేవు.